వెళ్ళేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు అయిదు గంటలు: ఈ విమానం లెక్క ఎలా కట్టాలి?

సోంపేట నెట్‌సెంటర్

నమస్కారం. మాది సోంపేట, బస్టాండు దగ్గర చిన్న నెట్‌సెంటర్ నడుపుతున్నాను. ఆధార్ ప్రింట్లు, పరీక్షల దరఖాస్తులు, కరెంటు బిల్లులు అన్నీ చేస్తాను. వీటితో పాటు గల్ఫ్ టికెట్ ఒకటైనా ప్రింట్ తియ్యని రోజు ఉండదు. మా ఉద్దానం ఊళ్ళ సంగతి తెలిసిందే కదా, వెల్డరో ఫిట్టరో రిగ్గరో అయ్యి బయటి దేశం పోయినవాళ్ళు వీధికి నలుగురైనా ఉంటారు.

టికెట్ ప్రింట్ తీసి చేతిలో పెడితే పని అయిపోదు. "ఇందులో ఏటి రాసుందో సెప్పు బావూ" అని బల్ల మీద కూర్చుంటారు. ఎన్నింటికి బయలుదేరుతుంది, ఎన్నింటికి దిగుతుంది, ఎంతసేపు గాల్లో ఉంటాడు, మనం ఎప్పుడు ఫోన్ చెయ్యాలి. మొదటి రెండూ టికెట్ మీదే ఉంటాయి కాబట్టి చదివి చెప్పేస్తాను. మిగతా రెండింటి దగ్గరే దొరికిపోయాను.

పోయిన జనవరిలో మా వీధి చివరి మామ్మ కొడుకు హైదరాబాదు నుంచి దుబాయ్ వెళ్ళాడు. టికెట్ మీద బయలుదేరేది ఉదయం 10:00, చేరేది 12:25. "రెండున్నర గంటలే మామ్మా, పన్నెండున్నరకి ఫోన్ చెయ్యి, ఎత్తుతాడు" అన్నాను. అంత ధీమాగా ఎలా చెప్పానో నాకే తెలీదు. పన్నెండున్నర నుంచి ఆవిడ చేస్తూనే ఉంది, ఫోన్ స్విచాఫ్. ఒంటిగంటన్నరకి చెప్పుల్లేకుండా షాపుకొచ్చింది. చేతిలో ఫోను, దాని చుట్టూ రబ్బరుబ్యాండు, రబ్బరుబ్యాండు కింద నేనిచ్చిన ప్రింటవుట్ మడత. "ఇమానం పడిపోనాదేటి బావూ?" అని అడిగింది. షాపులో ఉన్న నలుగురూ నా వైపే చూశారు. రెండుంబావుకి అబ్బాయే ఫోన్ చేశాడు, ఇప్పుడే దిగానమ్మా అని.

చేరే టైము దుబాయ్ టైమని తర్వాత తెలిసింది. సరే, తప్పు నాదే. ఇప్పుడు అబ్బాయి తిరుగు టికెట్ పంపాడు. దుబాయ్‌లో రాత్రి 9:45కి ఎక్కితే హైదరాబాదులో తెల్లవారుజామున 2:45. మామ్మ వేళ్ళు లెక్కపెట్టి, "ఎల్లినప్పుడు రెండున్నర, వొచ్చినప్పుడు అయిదేటి? తిరుగుదారి చుట్టేటి?" అంది. ఈసారి నేను నోరు మూసుకున్నాను. గంటన్నర తేడా అటు కలిపి ఇటు తీసేస్తే పోయేటప్పుడు 3:55, వచ్చేటప్పుడు 3:30 తేలుతోంది. ఇంకా 25 నిమిషాలు మిగిలిపోయాయి. అవి ఎక్కడివో అర్థం కాలేదు.

ఇంకోటి. విశాఖ నుంచి హైదరాబాదుకి 511 కి.మీ., నలభై నిమిషాల ప్రయాణం అని నెట్‌లో ఒకచోట ఉంది. టికెట్ మీద చూస్తే గంటా ఇరవై. ఏది నమ్మాలి? ఎక్సెల్ నాకు బాగానే వచ్చు. దూరమూ టైమూ నేనే లెక్క కట్టుకునేలా ఒక షీటు తయారుచేసుకోవాలని ఉంది. ఎవరైనా దారి చూపించండి. నాది బీకాం, సైన్‌లూ కాస్‌లూ మర్చిపోయి పదిహేనేళ్ళయింది.

గాలిపటం77

విమానం గంటకి 900 పోతుంది. దూరాన్ని 900తో భాగించు, అయిపోయింది. దీనికి ఇంత కథెందుకు బ్రో.

సోంపేట నెట్‌సెంటర్

511ని 900తో భాగిస్తే 34 నిమిషాలు బ్రో. టికెట్ మీద 80 ఉంది. మిగతా 46 నిమిషాలు విమానం ఎక్కడ ఆగి టీ తాగుతోంది?

లెక్కల మాస్టారు, విజయనగరం

బాబూ, నేను రిటైరైన లెక్కల మాస్టార్ని. తిరుగుదారి చుట్టా అని మీ మామ్మ అడిగిన ప్రశ్న నా సర్వీసులో ఒక్క పదో తరగతి పిల్లాడూ అడగలేదు. ఆవిడకి నా నమస్కారం చెప్పు.

ముందు దూరం సంగతి. గోడ మీది మ్యాపు మీద స్కేలు పెట్టి కొలవకు. భూమి గుండ్రం కాబట్టి గ్లోబు మీద రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి లాగాలి, దారం ఎటు పడితే అదే దగ్గర దారి. హైదరాబాదు నుంచి షికాగోకి లాగి చూడు, దారం పడమటికి పోకుండా రష్యా మీదుగా ఉత్తర ధ్రువం వైపు ఎక్కిపోతుంది. మా స్కూల్లో ఈ పని చెయ్యడానికి ట్వైన్ దారం ఒక ఉండ ప్రత్యేకంగా కొన్నాను. పిల్లలు దాన్ని గాలిపటాలకి వాడేశారు. పైన రాసిన ఆయన మా స్కూలువాడేమో చూడాలి.

విశాఖ ఎయిర్‌పోర్టు అక్షాంశం 17.72, రేఖాంశం 83.22. శంషాబాదు 17.24, 78.43. దుబాయ్ 25.25, 55.36. ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ అంటే ఎక్కడైనా దాదాపు 111.2 కి.మీ. తూర్పు పడమరలుగా అయితే అంత ఉండదు, భూమధ్యరేఖ దాటి పైకి పోయేకొద్దీ బొంగరం ములుకు దగ్గర సన్నబడినట్టు సన్నబడుతుంది. 111.2ని ఆ అక్షాంశపు కాస్‌తో గుణిస్తే వస్తుంది. మన పదిహేడున్నర డిగ్రీల దగ్గర అది 106 కి.మీ.

ఇప్పుడు విశాఖకీ శంషాబాదుకీ రేఖాంశాల తేడా 4.79. దాన్ని 106తో గుణిస్తే 508. అక్షాంశాల తేడా 0.48ని 111.2తో గుణిస్తే 53. ఒక భుజం 508, ఇంకో భుజం 53, కర్ణం ఎంత? 511. నీ సైటు చెప్పిన అంకె అదే కదా! కాగితం మీద రెండు నిమిషాల పని.

దుబాయ్‌కి కూడా ఇలాగే చెయ్యొచ్చు. రెండు అక్షాంశాల సగటు 21¼ డిగ్రీలు తీసుకుని కడితే 2,552 వస్తుంది. అసలు దూరం 2,547. అయిదు కిలోమీటర్లకి మామ్మ ఏమీ అనదు. అమెరికా దాకా పోతే మాత్రం ఈ త్రిభుజం పనికిరాదు. ఎలాగూ ఎక్సెల్ ఉంది కాబట్టి అసలు సూత్రమే పెట్టుకో:

దూరం = 6371 × ఏకాస్ [ సైన్(అ1) × సైన్(అ2) + కాస్(అ1) × కాస్(అ2) × కాస్(రే2 − రే1) ]

అ అంటే అక్షాంశం, రే అంటే రేఖాంశం, 6371 భూమి వ్యాసార్ధం కిలోమీటర్లలో. ఏకాస్ అంటే కాస్‌కి తిరగేసిన లెక్క, కాస్ విలువ ఇస్తే కోణం చెప్తుంది; ఎక్సెల్‌లో ACOS అని ఉంటుంది.

ఇక గంటన్నర. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే గంటకి 15. మన దేశం గడియారం 82½ డిగ్రీల రేఖాంశానికి కట్టి ఉంది. ఆ గీత మన కాకినాడ దగ్గర్నుంచే పోతుంది. దుబాయ్ ఉన్నది 55 డిగ్రీల దగ్గరే అయినా వాళ్ళ గడియారం 60 డిగ్రీలకి కట్టింది. 82½లోంచి 60 తీస్తే 22½, దాన్ని 15తో భాగిస్తే ఒకటిన్నర. కువైట్ 45 డిగ్రీలకి, అంటే రెండున్నర గంటలు మనకి వెనక. సింగపూర్ తమాషా, ఊరు 104 డిగ్రీల దగ్గర ఉంటే గడియారం 120 డిగ్రీలది. అది మనకి రెండున్నర గంటలు ముందు. అన్నట్టు మీ సోంపేట 84½ డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి మీ ఊళ్ళో సూర్యుడు గడియారం కంటే ఎనిమిది నిమిషాలు ముందు నడుస్తాడు. దీనితో నీకు పనిలేదనుకో, చెప్పకుండా ఉండలేకపోయాను.

మిగిలిన ఆ 25 నిమిషాల గురించి విమానాల దగ్గర పనిచేసేవాళ్ళు ఎవరైనా చెప్తే బాగుంటుంది. అది గాలి పని అని నా అనుమానం.

పలాస జీడిపప్పు

గాలి పనే మాస్టారూ. మాది పలాస. గల్ఫ్‌లో ఒక ఎయిర్‌పోర్టు ర్యాంప్ మీద ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. బ్యాగులు ఎక్కించడం, దించడం, చాక్స్ పెట్టడం, తియ్యడం. చాక్స్ అంటే విమానం చక్రాలకి ముందూ వెనకా పెట్టే రబ్బరు దిమ్మలు. జులైలో నేల మీద నుంచి వచ్చే సెగకి బూటు అడుగు మెత్తబడుతుంది, గ్లవ్స్ లేకుండా ఆ దిమ్మని ముట్టుకోలేం.

ఇది ఎందుకు చెప్తున్నానంటే టికెట్ మీద ఉన్న టైములకి అర్థం అక్కడే ఉంది. బయలుదేరే టైము అంటే గాల్లోకి లేచే టైము కాదు, ఆ దిమ్మలు తీసి విమానం గేటు దగ్గర కదిలే టైము. చేరే టైము అంటే మళ్ళీ గేటు దగ్గర ఆగే టైము. మధ్యలో ట్రాక్టరు వెనక్కి నెట్టాలి, ఇంజన్లు స్టార్ట్ చెయ్యాలి, రన్‌వే దాకా పాకాలి, ముందున్నవాళ్ళు లేచేదాకా ఆగాలి. రద్దీ ఎయిర్‌పోర్టులో ఇదే ఇరవై నిమిషాలు తినేస్తుంది. సోంపేట అన్నా, నువ్వడిగిన టీ బ్రేక్ ఇదే.

రెండోది, విమానం లేవగానే ఫుల్ స్పీడు అందుకోదు. పైకి ఎక్కడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. దిగడం కూడా 35 వేల అడుగుల నుంచి అయితే రెండొందల కిలోమీటర్ల ముందే మొదలుపెట్టాలి. విశాఖ–హైదరాబాదు 511లో ఎక్కడానికో రెండొందలు, దిగడానికో రెండొందలు పోతే సాఫీగా పోయేది వంద కిలోమీటర్లే. నీళ్ళ బాటిల్ ఇచ్చి ఖాళీ సీసా తీసుకునేసరికి దింపేస్తారు, ఎక్కినవాళ్ళకి తెలుసు.

అందుకని నేను వాడే మోటు లెక్క ఇది. దూరాన్ని 830తో భాగించు, వచ్చినదానికి 35 నిమిషాలు కలుపు. విశాఖ–హైదరాబాదు: 37 కి 35 కలిపితే 72. కంపెనీలు ఆలస్యానికి అయిదూ పది నిమిషాలు వేసుకుంటాయి కాబట్టి టికెట్ మీద 80. నెట్‌లో చూపించే నలభై నిమిషాలు అంటే, విమానం విశాఖ నడినెత్తిన ఫుల్ స్పీడులో పుట్టి శంషాబాదు నడినెత్తిన మాయమైపోతే పట్టే టైము.

ఇప్పుడు గాలి. బారువ బీచ్ రోడ్డులో సైకిల్ తొక్కావా? అటు పోయేటప్పుడు ఎదురుగాలికి ప్రాణం పోతుంది, వచ్చేటప్పుడు తొక్కకుండానే వస్తుంది. పైన కూడా అంతే. చలికాలంలో ఆ ఎత్తులో గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది. గంటకి 60 కి.మీ. అనుకుందాం. దుబాయ్ పోయేటప్పుడు 830లోంచి 60 పోతే 770. 2,547ని 770తో భాగిస్తే 3 గంటల 18 నిమిషాలు, 35 కలిపితే 3:53. వచ్చేటప్పుడు 890. అది 2:52, దానికి 35 కలిపితే 3:27. మీ టికెట్లలో 3:55, 3:30. రెండు మూడు నిమిషాల్లో సరిపోయింది చూడు.

వానాకాలంలో ఈ కథ మారుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన ద్వీపకల్పం మీద బాగా ఎత్తులో గాలి తిరగబడి తూర్పు నుంచి పడమరకి జోరుగా వీస్తుంది. దీని మీద 1958లో పి. కోటేశ్వరం గారని మన వాతావరణ శాస్త్రవేత్త పేపర్ రాశారు. ఆ నెలల్లో పోయే టైముకీ వచ్చే టైముకీ తేడా తగ్గుతుంది. అందుకే ఒక నెల టికెట్ చూసి ఇంకో నెలకి చెప్పెయ్యకు.

దారి కూడా అచ్చంగా దారం లాగినట్టు ఉండదు. ఆకాశంలో రూట్లుంటాయి, అయిదక్షరాల పేర్లతో పాయింట్లుంటాయి, ఒకదాని నుంచి ఇంకోదానికి పోవాలి. ఒక్కోసారి దేశాలే దారి మూసేస్తాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకి దారి మూసేస్తే ఢిల్లీ నుంచి గల్ఫ్‌కీ యూరప్‌కీ పోయేవి చుట్టు తిరగాల్సి వచ్చింది. దూరం లెక్క మారలేదు, టైము మారిపోయింది.

నరసన్నపేట కారు డ్రైవర్

మీరందరూ గాల్లో లెక్కలు కడుతున్నారు. సోంపేట నుంచి విశాఖ ఎయిర్‌పోర్టుకి రోడ్డు మీద రెండొందల కిలోమీటర్లు పైనే. మడపాం టోలు, నాతవలస టోలు, ఆనందపురం దాటాక ఊళ్ళో ట్రాఫిక్, ఎంత లేదన్నా నాలుగు గంటలు. విమానం ఎక్కే ముందు రెండు గంటలు అక్కడ కూర్చోవాలి. హైదరాబాదు మాత్రం గంటా ఇరవై! మాస్టారూ, భోగాపురం నుంచి ఎగిరితే ఎంత మిగులుతుందో కూడా కట్టండి.

లెక్కల మాస్టారు, విజయనగరం

అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన ఆ ఎయిర్‌పోర్టుకి 2023 మే 3న శంకుస్థాపన జరిగిన రోజే కట్టి చూసుకున్నాను. భోగాపురం ఊరు సుమారు 18.03, 83.5 దగ్గర ఉంది. శంషాబాదుకి 540 పై చిలుకు వస్తుంది, విశాఖ కంటే ముప్పై కిలోమీటర్లు ఎక్కువ. గాల్లో అది రెండు నిమిషాలు. రోడ్డు మీద నీకు తగరపువలస, ఆనందపురం, విశాఖ ట్రాఫిక్ మొత్తం తప్పిపోతాయి. ఎంత మిగులుతుందో అది నాకంటే నీకే బాగా తెలుస్తుంది.

సోంపేట నెట్‌సెంటర్

అందరికీ దండాలు. రాత్రి షట్టర్ దించాక కూర్చుని షీటు చేశాను. కానీ మాస్టారూ, మీ సూత్రం పెడితే హైదరాబాదు–దుబాయ్ 10,637 కి.మీ. అంటోంది. మూడుసార్లు టైప్ చేశాను, అంతే వస్తోంది. విశాఖ–హైదరాబాదు కూడా 511 రాలేదు. విశాఖ అంకెలు మాత్రం నేనే వేరే చోట చూసి వేసుకున్నాను, 17.43, 83.13 అని.

లెక్కల మాస్టారు, విజయనగరం

రెండు తప్పులున్నాయి. ఒకటి నాది, ఒకటి నీది.

నాది ఏమిటంటే, ఎక్సెల్‌కి డిగ్రీలు తెలియవని చెప్పడం మర్చిపోయాను. దానికి కోణం రేడియన్లు అనే ఇంకో కొలతలో ఇవ్వాలి. ప్రతి కోణానికీ ముందు రేడియన్స్ అనే ఫంక్షన్ తగిలించు. లేకపోతే అది 17 డిగ్రీల్ని 17 రేడియన్లనుకుని భూమి చుట్టూ గిర్రున తిరిగొస్తుంది.

నీది: నువ్వు చూసినచోట 17 డిగ్రీల 43 నిమిషాలు అని ఉండి ఉంటుంది. 43 నిమిషాలంటే 0.43 కాదు నాయనా, 43ని 60తో భాగించాలి, 0.72. అలాగే 13 నిమిషాలంటే 0.22. టైము దగ్గరా ఇదే జాగ్రత్త. 3 గంటల 55 నిమిషాల్ని 3.55 అని రాసి కూడికలు చేశావంటే మామ్మ మళ్ళీ చెప్పుల్లేకుండా వస్తుంది.

సోంపేట నెట్‌సెంటర్

వచ్చేసింది మాస్టారూ! 511, 2,547. కువైట్ కూడా వేశాను, హైదరాబాదు నుంచి 3,372. జీడిపప్పు తమ్ముడు చెప్పినట్టు గాలి కలిపితే చలికాలంలో పోయేటప్పుడు దగ్గర దగ్గర 5 గంటలు, వచ్చేటప్పుడు 4:22. గడియారం ప్రకారం చూస్తే పోయేటప్పుడు రెండున్నరే, వచ్చేటప్పుడు ఏడుకి ఎనిమిది నిమిషాలు తక్కువ. ఇది చూపిస్తే కంచిలి నుంచి వచ్చిన ఒకాయన టికెట్ తప్పు ప్రింటయిందని గొడవపెట్టుకునేవాడే. ఇప్పుడు గాలి కోసం వేరే కాలమ్ పెట్టాను, నెలని బట్టి మార్చుకోవచ్చు.

టికెట్ ప్రింట్ తీసినప్పుడల్లా ఖాళీ జాగాలో పెన్నుతో మూడు ముక్కలు రాసిస్తున్నాను: మన టైములో బయలుదేరేది, మన టైములో దిగేది, ఫోన్ చెయ్యాల్సింది. ఫోన్ టైము దిగిన తర్వాత గంటకి వేస్తున్నాను. ఇమిగ్రేషన్ లైను, బ్యాగులు, వైఫై దొరకడం, అన్నీ ఉంటాయి కదా.

మామ్మకి నిన్న సాయంత్రం చెప్పాను. బల్ల మీద రెండు అగ్గిపెట్టెలు పెట్టి, ఒకటి మన గడియారం, ఒకటి దుబాయ్ గడియారం అని చూపించాను. గాలి సంగతి వెంటనే పట్టేసింది. వాళ్ళాయన బారువలో తెరచాప పడవ నడిపినాయన. గడియారం దగ్గరే కాసేపు ఆలోచించి, "అంటే ఎల్లినప్పుడు గంటన్నర ఆళ్ళు అప్పిచ్చినారు, వొచ్చినప్పుడు లాక్కున్నారు. అంతేటి?" అంది. అంతే మామ్మా అన్నాను.

గాలిపటం77

మాస్టారూ, నేను మీ స్కూలు కాదు, బొబ్బిలి. కానీ ఆ 900తో భాగించడం వెనక్కి తీసుకుంటున్నా.

నరసన్నపేట కారు డ్రైవర్

సోంపేట తమ్ముడూ, మామ్మ కొడుకుని తేవడానికి నన్నే పిలిచారు. హైదరాబాదులో తెల్లవారుజామున దిగి, అక్కడ మారి విశాఖ వస్తాడట. విశాఖలో ఎన్నింటికి దిగుతాడో మన టైములో రాసి పెట్టు.

సోంపేట నెట్‌సెంటర్

విశాఖ టైమూ మన టైమూ ఒకటే అన్నా. 8:10.